పేమెంట్ ఎన్నాళ్లకు పడుతుంది? చిన్న యూనిట్‌కీ పెద్ద కంపెనీకీ అసలు తేడా అక్కడే

చిన్న సంస్థకీ పెద్ద సంస్థకీ తేడా ఏమిటని అడిగితే ఎవరైనా సైజు గురించే చెబుతారు, ఎంతమంది పనివాళ్లు, ఎన్ని కోట్ల టర్నోవరు అని. ప్రభుత్వం కూడా అలాగే కొలుస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్లు దాటకపోతే చిన్న సంస్థ. 125 కోట్లు, 500 కోట్ల వరకు మధ్యతరహా. స్కీములకు, సబ్సిడీలకు ఈ గీతలు కావాలి, కాదనలేం. కానీ ఒక యూనిట్ ఎలా బతుకుతోందో, ఎందుకు పెరగలేకపోతోందో ఈ అంకెలు చెప్పవు. అది తెలియాలంటే రెండు ప్రశ్నలు అడగాలి. బిల్లు ఇచ్చిన ఎన్ని రోజులకు డబ్బు చేతికొస్తోంది? ఆ రోజులు గడవడానికి తెచ్చిన అప్పుకి వడ్డీ ఎంత?

హైదరాబాద్‌నే తీసుకుందాం. ఐడీపీఎల్, హెచ్ఏఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థలు వచ్చాక వాటికి విడిభాగాలు చేసిపెట్టడానికి బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ, చర్లపల్లి వైపు వందల చిన్న షెడ్లు వెలిశాయి. ఒక లేత్, ఒక మిల్లింగ్ మిషన్‌తో మొదలుపెట్టి తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ, వీఎంసీ మిషన్లు కొనుక్కున్నవాళ్లు ఎందరో. వీళ్లలో చాలామందికి పనిలో వంక పెట్టడానికి ఉండదు, మైక్రాన్లలో కొలిచే పనులు రేకుల షెడ్ల కింద జరిగిపోతుంటాయి. ఇబ్బంది వచ్చేది సరుకు గేటు దాటాకే.

సరుకు పెద్ద కంపెనీ గేటు దగ్గరికి వెళ్తుంది, సెక్యూరిటీ వాళ్లు చలాన్ మీద స్టాంపు వేస్తారు. తర్వాత స్టోర్స్‌లో దించాలి. క్వాలిటీ వాళ్లు చూసి ఓకే అంటేనే సరుకు అందినట్టు కంప్యూటర్‌లో ఎంట్రీ పడుతుంది, అప్పుడే బిల్లు అకౌంట్స్‌కి వెళ్తుంది. ఆర్డర్ కాగితం మీద 60 రోజులు అని రాసి ఉన్నా ఆ 60 మొదలయ్యేది బిల్లు తేదీ నుంచి కాదు, ఈ ఎంట్రీ పడ్డ రోజు నుంచి, కొన్నిచోట్ల ఆ నెలాఖరు నుంచి. పేమెంట్లు నెలలో ఒకట్రెండు తేదీల్లోనే వదులుతారు కాబట్టి ఆ తేదీ ఒక్కరోజు తేడాతో తప్పిపోతే మళ్లీ పదిహేను రోజులు ఆగాల్సిందే. క్వాలిటీ ఇంజినీర్ సెలవులో ఉన్నా, ఒక్క లాట్‌లో నాలుగు బిట్లు (విడిభాగాలు) రిజెక్ట్ అయినా బిల్లు మొత్తం ఆగుతుంది. ఇలా 60 అన్నది 90, 120 అవుతుంది. ఎవరూ మోసం చేయకుండానే అవుతుంది, ఇది గమనించాలి. పెద్ద కంపెనీలో ఏ ఒక్కరికీ ఆ ఆలస్యం వల్ల జేబులోంచి రూపాయి పోదు కాబట్టి తొందరపడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

మరోవైపు ఇదే యూనిట్ స్టీలు కొనాలంటే డీలర్‌కి డబ్బు ముందే కట్టాలి, బాగా పరిచయం ఉంటే ఒక పదిహేను రోజులు ఆగుతారేమో. కరెంటు బిల్లు ఆగదు, ఒకటో తారీకు జీతాలు ఆగవు.

ఇక లెక్క వేద్దాం. ఇది ఊహించుకున్న యూనిటే, కానీ ఇలాంటి షెడ్లలో పనిచేసినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. నెలకి 10 లక్షల అమ్మకం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే బిల్లు 11 లక్షల 80 వేలు. మెటీరియల్ 5 లక్షలు, జీతాలు, కరెంటు, అద్దె, టూల్స్ అన్నీ కలిపి 4 లక్షలు. పైకి నెలకి లక్ష లాభం కనిపిస్తుంది. ఇప్పుడు చేతినుంచి పోయే డబ్బు చూడండి. ఖర్చు 9 లక్షలు, స్టీలు మీద డీలర్‌కి కట్టిన జీఎస్టీ 90 వేలు, తర్వాతి నెల ప్రభుత్వానికి కట్టాల్సిన మిగతా జీఎస్టీ ఇంకో 90 వేలు. మొత్తం నెలకి 10 లక్షల 80 వేలు. పేమెంట్ 120 రోజులకు పడుతుంటే నాలుగు నెలల డబ్బు, అంటే 43 లక్షల 20 వేలు ఎప్పుడూ బయటే ఉంటుంది.

బ్యాంకు సీసీ లిమిట్ (వ్యాపారం నడపడానికి కావలసినప్పుడు వాడుకుని తీర్చే అప్పు పరిమితి) ఏడాది టర్నోవరులో 20 శాతం లెక్కన 24 లక్షలు ఇచ్చిందనుకుందాం, 11 శాతం వడ్డీకి. నెలకి 22 వేలు. మిగతా 19 లక్షల 20 వేలు బయట తేవాలి, ఎందుకంటే సొంత డబ్బు అప్పటికే మిషన్లలో, షెడ్డు అడ్వాన్సులో ఇరుక్కుని ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 38 వేల 400. రెండూ కలిపి 60 వేల 400. లక్ష లాభంలో మిగిలింది 39 వేల 600. అదే పేమెంట్ 45 రోజులకు వచ్చి ఉంటే బయట ఉండే డబ్బు 16 లక్షల 20 వేలే, అంతా బ్యాంకు లిమిట్‌లో సరిపోతుంది, వడ్డీ 15 వేల లోపు, మిగిలేది 85 వేలు. అదే మిషన్, అదే పనివాడు, అదే బిట్టు. పేమెంట్ 75 రోజులు వెనక్కి జరిగితే చాలు, లాభం సగానికి పైగా పోతోంది.

ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది. చిన్నవాడు పోగొట్టుకున్నదంతా పెద్దవాడికి దక్కుతోందా? దక్కడం లేదు. ఆ 75 రోజుల ఆలస్యం వల్ల పెద్ద కంపెనీ దగ్గర 29 లక్షల 50 వేలు అదనంగా ఆగుతాయి. దానికి 8 శాతానికి అప్పు దొరుకుతుందనుకుంటే మిగిలే వడ్డీ నెలకి 20 వేల లోపే. చిన్న యూనిట్ పోగొట్టుకున్నది 45 వేల పైన. అంటే ఒకరికి 20 వేలు మిగల్చడానికి ఇంకొకరు 45 వేలు కడుతున్నారు, మధ్యలో పాతిక వేలు ఇద్దరిలో ఎవరికీ దక్కకుండా వడ్డీకిచ్చినవాళ్ల దగ్గరికి పోతోంది. తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకోగలిగినవాడు ఎక్కువ వడ్డీకి తెచ్చుకునేవాడి దగ్గర అరువు తీసుకోవడం, అదీ వడ్డీ లేకుండా! పెద్దా చిన్నా సంస్థల ఆర్థిక సంబంధంలో ఇంతకన్నా తలకిందులైన విషయం ఇంకోటి లేదు. న్యాయం మాట పక్కనబెట్టి లెక్క మాత్రమే చూసినా ఇది దండగే. ఆ పాతిక వేలు చివరికి బిట్టు ధరలోనే చేరతాయి, లేదా ఆ యూనిట్ మూతపడి కంపెనీ కొత్త వెండర్‌ని వెతుక్కోవడంలో తేలతాయి.

మరి బ్యాంకులు చిన్నవాళ్లకు ఎక్కువ వడ్డీ ఎందుకు వేస్తాయి? కావాలని కాదు. 20 లక్షల లోను ఫైలు చూడటానికి పట్టే టైము, 20 కోట్ల ఫైలుకి పట్టే టైములో వందో వంతు ఉండదు. పెద్ద కంపెనీకి ఆడిట్ లెక్కలు, క్రెడిట్ రేటింగ్, షేర్ మార్కెట్లో రోజూ కనిపించే ధర ఉంటాయి. చిన్న యూనిట్‌లో ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, షాపు ఖర్చు ఒకే ఖాతాలోంచి పోతుంటాయి, అమ్మకాల్లో కొంత బిల్లు లేకుండా జరిగి ఉంటే ఆ మేరకు లెక్కల్లో సంస్థ ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది. పైగా ఒకరిద్దరు కస్టమర్ల మీదే ఆధారపడిన సంస్థ, అందులో ఒకరు ఆగిపోతే మొత్తం ఆగిపోతుంది. ఈ రిస్కు నిజమైనదే. అందుకే ఇంటి కాగితాలు అడుగుతారు. హామీ లేకుండా లోన్లు ఇవ్వడానికి 2000లో ప్రభుత్వం, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి పెట్టిన సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంది, 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లకు పెరిగింది కూడా. అయినా బ్రాంచికి వెళ్తే ముందు వినపడేది ‘ప్రాపర్టీ ఏమైనా ఉందా’ అనే.

సీసీ లిమిట్‌కి వాడిన ఆ 20 శాతం లెక్క రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ నుంచి వచ్చింది, 1990ల మొదట్లో. ఏడాది టర్నోవరులో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారానికి తిప్పే డబ్బు, కావాలి, అందులో 20 బ్యాంకు ఇస్తుంది, 5 యజమాని తెచ్చుకోవాలి. టర్నోవరులో 25 శాతం అంటే మూడు నెలలు. సరుకు కొన్న రోజు నుంచి డబ్బు చేతికొచ్చే వరకు మూడు నెలల్లో ఒక రౌండు పూర్తవుతుందన్నది ఈ లెక్కకి ఆధారం. రొటేషన్ నాలుగు నెలలు, ఐదు నెలలు పడుతుంటే బ్యాంకు నిబంధనలన్నీ పాటించినా డబ్బు చాలదు. అంతటితో అయిపోదు. చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన బిల్లుల్ని డ్రాయింగ్ పవర్‌లో, అంటే ఆ నెల లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చన్న లెక్కలో, వేయవు. ఆర్డర్లు కాస్త తగ్గి పాత బిల్లులే ఎక్కువగా మిగిలిన నెలలో, అంటే డబ్బు అవసరం బాగా ఉన్న నెలలోనే లిమిట్ కూడా తగ్గుతుంది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. సీసీ ఖాతాలో 90 రోజులు వడ్డీకి సరిపడా జమలు పడకపోతే అది మొండి బకాయి (ఎన్‌పీఏ). అవతలి కంపెనీ 120 రోజులు ఆలస్యం చేస్తే దాన్ని ఎవరూ ఎగవేత అనరు, ఆ కారణంగా ఈ యూనిట్ 90 రోజులు తప్పితే మాత్రం ఎన్‌పీఏ ముద్ర పడి సిబిల్ పాడైపోతుంది.

జీఎస్టీ సంగతి విడిగా చెప్పుకోవాలి. పన్ను కట్టాల్సింది బిల్లు వేసిన లెక్కన, డబ్బు వచ్చిన లెక్కన కాదు. సాధారణంగా తర్వాతి నెల 20వ తేదీకల్లా కట్టేయాలి. పైన లెక్కలో బయట ఇరుక్కున్న 43 లక్షల్లో 7 లక్షల 20 వేలు అచ్చంగా పన్నే. అవతలి కంపెనీ ఆ బిల్లు చూపించి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవడం) వెంటనే వాడుకుంటుంది, 180 రోజుల్లోగా సప్లయర్‌కి చెల్లించకపోతేనే దాన్ని వెనక్కి ఇవ్వాలి. అంటే చిన్న యూనిట్ రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన పన్నుతో పెద్ద కంపెనీ తన పన్ను తగ్గించుకుంటోంది, ఆరు నెలల వరకు చట్టప్రకారమే.

పెద్ద కంపెనీలు ఎక్కడి నుంచి డబ్బు తెచ్చుకుంటాయో చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. మంచి రేటింగ్ ఉంటే కమర్షియల్ పేపర్ అమ్మి ఏడు రోజుల నుంచి ఏడాది దాకా నేరుగా మార్కెట్లోనే అప్పు తెచ్చుకోవచ్చు, బ్యాంకు గడప తొక్కక్కర్లేదు. బాండ్లు, షేర్లు సరేసరి. కొన్ని కంపెనీలకు రోజువారీ వ్యాపారానికి సొంత డబ్బే అక్కర్లేదు. హిందుస్థాన్ యూనిలీవర్ లాంటి కంపెనీ డిస్ట్రిబ్యూటర్ల నుంచి డబ్బు త్వరగా వసూలు చేసుకుంటుంది, సప్లయర్లకు నిదానంగా చెల్లిస్తుంది, కాబట్టి దాని వర్కింగ్ క్యాపిటల్ నెగెటివ్‌లో ఉంటుంది. వ్యాపారం పెరిగేకొద్దీ చేతిలో డబ్బు పెరుగుతుందన్నమాట. అయితే పెద్దవాళ్లంతా ఒకటే అనడానికి లేదు. డీమార్ట్ సప్లయర్లకు త్వరగా చెల్లించి దానికి బదులుగా ధర తగ్గించుకునే పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. పై లెక్క చూశాక ఇది దానధర్మం కాదని తెలుస్తుంది. తక్కువ వడ్డీ డబ్బు ఉన్నవాడు త్వరగా చెల్లిస్తే ఆదా అయిన వడ్డీని ఇద్దరూ పంచుకోవచ్చు.

అలాగని పెద్ద సంస్థల బలమంతా ఎదుటివాళ్ల డబ్బు వాడుకోవడంలోనే ఉందంటే అబద్ధం. కొన్ని పరిశ్రమల్లో పెద్దదిగా ఉండటమే చవక. కెమికల్ ప్లాంట్లలో ఇంజినీర్లు వాడే మోటు లెక్క ఒకటి ఉంది, సామర్థ్యం రెట్టింపు చేస్తే ఖర్చు రెట్టింపు కాదు, సుమారు ఒకటిన్నర రెట్లే అవుతుంది. రియాక్టర్‌లో పట్టే సరుకు పెరిగినంతగా దానికి కావలసిన ఉక్కు పెరగదు మరి. బల్క్ డ్రగ్స్‌లో (మందుల ముడిసరుకులో) చిన్నవాళ్లు పెద్దవాళ్లతో ధరలో పోటీ పడలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇలాంటిచోట చిన్నవాళ్లు బతకాలంటే ఖర్చు పంచుకోవాలి. జీడిమెట్లలో 1980ల చివర్లో ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు వచ్చింది అందుకే, ఎవరికి వారు కట్టుకోలేనిది అందరూ కలిసి కట్టుకున్నారు. మెషినింగ్ జాబ్ వర్క్‌లో ఈ కథ లేదు. ఒక వీఎంసీ రేకుల షెడ్డులో ఉన్నా పెద్ద ఫ్యాక్టరీలో ఉన్నా గంటకి అదే పని చేస్తుంది, పైగా యజమాని పక్కనే నిలబడి ఉంటాడు. అక్కడ పెద్దవాడికున్న ఆధిక్యం యంత్రంలో లేదు, పూర్తిగా డబ్బు ధరలోనే ఉంది. చిన్న పరిశ్రమల విధానాల్లో ఈ రెండు రకాల పరిశ్రమల్నీ కలగాపులగం చేసి మాట్లాడటం వల్లే సబ్సిడీలు అక్కర్లేనిచోటికి పోతున్నాయని అనిపిస్తుంది.

ఆదాయపు పన్నులో కూడా ఒక చిక్కు ఉంది. 2019 మార్పు తర్వాత మినహాయింపులు వదులుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్‌తో కలిపి 25.17 శాతం పడుతుంది. అన్నదమ్ములిద్దరు కలిసి నడిపే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి సెస్‌తో 31.2 శాతం. కంపెనీ లాభం పంచితే డివిడెండ్ మీద మళ్లీ పన్ను ఉంటుంది నిజమే, కానీ లాభాన్ని సంస్థలోనే ఉంచి మిషన్ కొనుక్కోవాలనుకునేవాడికి ఈ ఆరు శాతం తేడా చిన్నదేమీ కాదు.

అయితే చిన్నవి పెరగకపోవడానికి నగదే ముఖ్య కారణమా? లేబర్ చట్టాలే కారణమని చాలాకాలంగా వాదన ఉంది. 2018–19 ఆర్థిక సర్వే పదేళ్లు దాటినా వంద మంది కన్నా తక్కువ పనివాళ్లతోనే ఉండిపోయిన సంస్థల్ని మరుగుజ్జులంది. వ్యవస్థీకృత తయారీ రంగంలో సంఖ్యలో అవి సగం, ఉద్యోగాల్లో మాత్రం 14 శాతం. పదిమందికి ఈఎస్ఐ, ఇరవైమందికి పీఎఫ్ లాంటి గీతల దగ్గర కొందరు ఆగిపోతారు, ఆ మాటా నిజమే. కానీ మన ఊహా యూనిట్‌కే రెట్టింపు ఆర్డర్ వచ్చిందనుకోండి. ఇంకో 43 లక్షల 20 వేలు కావాలి. బ్యాంకు ఇంకో 24 లక్షలు ఇచ్చినా 19 లక్షల పైన తక్కువ. ఏడాదంతా కష్టపడితే ఆ యూనిట్‌లో మిగిలేది 4 లక్షల 75 వేలు, అందులోంచే ఇల్లు గడవాలి. పెద్ద ఆర్డర్ వచ్చిందని సంబరపడి తీసుకుని మునిగినవాళ్ల కథలు ఏ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనైనా వినిపిస్తాయి. ఆర్డర్ వద్దని పంపించేసినవాళ్లని భయస్థులని కొట్టిపారేయకూడదు, వాళ్లు లెక్క తెలిసినవాళ్లు.

చట్టం లేదా అంటే ఉంది, గట్టిదే ఉంది. 2006 ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు. అంటే క్వాలిటీ ఎంట్రీ పడలేదన్న సాకు చట్టం ముందు చెల్లదు. ఇలాంటి బకాయి తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ తీర్పుని కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చాక ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇన్ని ఉన్నా వాడేది ఎక్కువగా వ్యాపార సంబంధం తెగిపోయాకే. టర్నోవరులో 70 శాతం ఇచ్చే కస్టమర్ మీద ఫిర్యాదు చేసి మర్నాడు వాళ్ల దగ్గరే ఆర్డర్ అడగలేరు కదా. దివాలా చట్టం దారి ఉందనుకుంటే 2020 మార్చి నుంచి బకాయి కనీసం కోటి రూపాయలు ఉంటేనే ట్రైబ్యునల్‌కి వెళ్లగలరు, అంతకుముందు లక్షే. ఒకవేళ పెద్ద కంపెనీ దివాలాకి వెళ్తే, నిర్ణయాలు తీసుకునే కమిటీలో ఓటు బ్యాంకులకి ఉంటుంది, సరుకు ఇచ్చినవాళ్లకి ఉండదు. పంపకాల్లోనూ వీళ్ల వంతు బ్యాంకుల తర్వాతే.

ఈ భయం తెలిసే 2023లో 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే క్లాజు చేర్చారు. చిన్నవాడు ఫిర్యాదు చేయక్కర్లేదు, గడువులో చెల్లించకపోతే కొన్నవాడికే ఆ ఖర్చు చెల్లించిన ఏడాది దాకా లెక్కలోకి రాదు. ఆలోచన చాలా మంచిది. కానీ చిల్లు ఎక్కడుందంటే, లెక్క చూసేది మార్చి 31న. ఏప్రిల్‌లో ఇచ్చిన బిల్లుని మార్చి చివర్లో చెల్లించినా ఆ ఏడాది ఖర్చుగా మొత్తం చూపించుకోవచ్చు. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఇది పెద్దగా తగలనే తగలదు. వ్యాపారులకు, మధ్యతరహా సంస్థలకు ఇది వర్తించదు కూడా, మధ్యతరహా సంస్థకైతే 45 రోజుల రక్షణే లేదు.

పైన చెప్పుకున్న దండగని సూటిగా తగ్గించేది ఒక్కటే కనిపిస్తోంది, ట్రెడ్స్. రిజర్వు బ్యాంకు అనుమతితో 2017 నుంచి నడుస్తున్న ఈ వేదికల మీద చిన్న యూనిట్ బిల్లు పెడుతుంది, కొన్న కంపెనీ అవునని ఒప్పుకుంటుంది, బ్యాంకులు పోటీపడి వడ్డీ చెబుతాయి. ఆ వడ్డీ చిన్న యూనిట్‌ని చూసి కాదు, పెద్ద కంపెనీ రేటింగ్‌ని చూసి. డబ్బు ఒకట్రెండు రోజుల్లో పడుతుంది, రేపు ఆ కంపెనీ ఎగ్గొట్టినా బ్యాంకు చిన్నవాడిని అడగదు. రెండు రూపాయల వడ్డీ కడుతున్నవాడి చేతికి పెద్ద కంపెనీకి పడే వడ్డీకే డబ్బు వస్తుంది. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు ఇందులో చేరాలని 2024 నవంబరులో నిబంధన తెచ్చారు, అంతకుముందు 500 కోట్లు. చేరడం తప్పనిసరి అయింది, ప్రతి బిల్లునీ వేదిక మీదే ఒప్పుకోవడం మాత్రం కాలేదు. ఎంట్రీ పడటానికే నెల పట్టే చోట ఇక్కడా నెల పడుతుంది. సరుకు దిగిన ఇన్ని రోజుల్లో అవునో కాదో చెప్పాలని, చెప్పకపోతే బిల్లు దానంతటదే ఒప్పుకున్నట్టు అవుతుందని పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. 2006 చట్టంలోని 15 రోజుల మాటకి, ఈ వేదికకి ముడి వేస్తే చాలు.

అది వచ్చేలోగా యూనిట్ నడిపేవాళ్లు ఆర్డర్ ఒప్పుకునేటప్పుడు రేటుతో పాటు రోజుల లెక్క కూడా వేసుకోవాలి. పైన చూసిన యూనిట్‌కి 75 రోజుల ఆలస్యం ఖరీదు అమ్మకంలో నాలుగున్నర శాతం. బిట్టుకి 100 రూపాయలు, 45 రోజులకు పేమెంట్ అని ఒకరు, 104 రూపాయలు, 120 రోజులకు అని ఇంకొకరు అడిగితే 100 ఇచ్చేవాడి దగ్గరే ఎక్కువ మిగులుతుంది.